తండ్రి ఎత్తుకున్న పిల్ల

పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. టైబర్ నది ఒడ్డు సందంతా బురద. మేనత్త ఇంటికి వెళ్ళిన కూతుళ్ళిద్దరూ ఇంకా రాలేదు. హోస్టీడియా గుమ్మంలో నిలబడి ఆత్రంగా కేకేసింది.

“ఓప్సియా!”

వెంటనే నాలిక కరుచుకుంది. తండ్రి ఇంటిపేరు ఓప్సియస్ కాబట్టి, అక్కడి ఆచారం ప్రకారం ఆ ఇంట పుట్టిన ఆడపిల్లలందరూ ఓప్సియాలే. అందుకే అయిదేళ్ళుగా పెద్ద ఓప్సియా, చిన్న ఓప్సియా అని విడివిడిగానే పిలుస్తోంది.

“వస్తున్నా...”

“వస్తున్నానమ్మా...”

కాసేపాగి, ఇంకా దూరం నుంచి, సన్నగా... “అమ్మా...”

లోపల భర్త నవ్వాడు. “ఒక్క కేకకి ఇంటి ఆడపిల్లలంతా పలుకుతారు. ఎంత సుఖమో చూడు!”

ఆమె నవ్వలేదు. అయిదేళ్ళ కిందట మూడో పిల్లను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద పెట్టారు. తండ్రి వంగి ఎత్తుకుంటేనే బిడ్డ. కన్నదాని మాట చట్టానికి అక్కర్లేదు. ఆయన ఎత్తుకోలేదు. పారేయడానికి తీసుకుపోతుంటే చెత్తదిబ్బ దాకా ఏడుస్తూనే పోయింది అది.

పెద్దది పరుగున వచ్చి పడింది.

“చెల్లేదే?”

“వెనకే ఉంది. ఆ నత్తతో నడవడం నా వల్ల కాదమ్మా.”

వెనకే ఒక పిల్ల వచ్చింది. చిన్నదాని ఎత్తే. తల మీద చిన్నదాని శాలువే. కాళ్ళకి మాత్రం బురద లేదు. తడి బూడిద వాసన... విరిగిన పాల వాసన. దీపం పెట్టని గదిలోకి తిన్నగా వెళ్ళి, తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద పడుకుంది.

“వద్దండీ... ముట్టుకోకండి...”

“నా కూతుర్ని ఎత్తుకోవడానికి నీ సెలవు కావాలా?”

వంగాడు. ఎత్తుకున్నాడు.

ఆయన భుజం మీది నుంచి పిల్ల తల్లిని చూసి నవ్వింది. నోట్లో ఒక్క పన్ను లేదు... పసిగుడ్డు చిగుళ్ళు.

ఆయనే తలుపుకి తాళం వేసి, తాళంచెవి నడుమున దోపుకున్నాడు.

అప్పుడు తలుపు మీద, కింది భాగంలో, చిన్న చప్పుడు.

“అమ్మా... నేను, చిన్న ఓప్సియాని... చీకటిగా ఉందమ్మా...”

తలుపు మీద పడిందామె. ఆయన చెయ్యి పట్టి లాగేశాడు.

“నా పిల్లలు లోపలే ఉన్నారు. ఎవరో పిలిస్తే తీస్తావా? మతి పోయిందా?”

“అది మనదండీ...”

“మనదో కాదో చెప్పేది నేను.”

చప్పుడు ఆగింది. బయట ఏడుపు... చెత్తదిబ్బ వైపు పోతోంది. పోయేకొద్దీ అది ఏడేళ్ళ పిల్ల ఏడుపులా లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు.

హోస్టీడియా ఇంటికి చేరినవాళ్ళని లెక్కపెట్టుకుంది. పెద్దది పొయ్యి దగ్గర. ఒకటి ఆయన చంకలో.

ఇద్దరు. లెక్క సరిపోయింది.