బొమ్మ లేని మంచం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నోట్లో పళ్ళన్నీ రాలిపోవాలి. ఇప్పటికే రాలిపోయాయి కదా మామ్మా అనకు. అవి వేరే కథలకి రాలినవి. ఇది మాత్రం అక్షరం అక్షరం నిజం. ఆ దూదుండలు చుడుతూ విను, చేతులకి పనుంటే భయం కాస్త తగ్గుతుంది.

నువ్వీ కాలేజీకి కొత్త. నా ఉద్యోగమేమిటో నీకు తెలీదు. నేను ఉత్తుత్తి రోగిని. నర్సింగు డిగ్రీ పిల్లల ప్రాక్టికల్ పరీక్షలప్పుడు మంచం మీద పడుకుని మూలగడం నా పని. రబ్బరు బొమ్మకి ఎంత సేవ చేసినా మనిషితో మాట్లాడ్డం రాదని నన్ను పెట్టుకున్నారు. నా మూలుగంటే మాటలు కాదు. ఒకసారి కడుపునొప్పి నటిస్తుంటే పక్కవీధి జనం స్ట్రెచరు మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. అసలు రోగులు కూడా నా దగ్గరికొచ్చి మూలగడం నేర్చుకుని వెళ్ళేవారు.

పరీక్షలు ఈ గోడకవతల హాల్లో జరుగుతాయి. ఒకప్పుడది ఆసుపత్రి వార్డు. మూసేసి, సున్నం కొట్టించి, కాలేజీకిచ్చారు. వరసగా ఇనప మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెరలు. మంచానికో బొమ్మ, కిటికీ పక్క మంచం మీద నేను. ప్రతి మంచం దగ్గరా పొడుగాటి తీగకి వేలాడే బెల్లు, దానికి జతగా తలుపు మీద ఒక ఎర్ర దీపం. రోగి నొక్కితే ఆ దీపం వెలిగేదట. వార్డు మూసిననాడే గోడలోంచి తీగలన్నీ పీకేశారు.

పరీక్షలో తెర లాగాలి. నేను ఫలానా అని చెప్పుకోవాలి. ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతున్నామో చెప్పాలి. పల్స్ చూసి, ఒళ్ళు తుడిచి, చివర్లో బెల్లు రోగి చేతిలో పెట్టి ఒక మాట అనాలి: "ఏం కావాలన్నా ఇది నొక్కండి, వెంటనే వస్తాను." దానికి వేరే మార్కులు. ఎలాగూ మోగని బెల్లు కదా, పిల్లలు గడగడా అనేసి పోయేవారు.

అందరికంటే గడగడా అనేది చిలక. ఆ పేరు తోటి పిల్లలు పెట్టింది. లావుపాటి పుస్తకాన్ని, అచ్చేసినవాళ్ళ చిరునామాతో సహా, నిద్దట్లో లేపినా అప్పజెప్పేది. రోగి మొహం మాత్రం చూసేది కాదు. నన్ను పలకరించమంటే నా తలగడతో మాట్లాడేది. అందుకే ప్రాక్టికల్లో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే సీటు పోతుంది. అమ్మా నాన్నా లేని పిల్లని అక్క కుట్టుమిషను తొక్కి చదివిస్తోంది. డిగ్రీ చేతికొచ్చిన రోజున ఇద్దరూ కలిసి ఊరెళ్ళిపోవాలని, ఇంక ఎప్పుడూ విడిగా ఉండకూడదని వాళ్ళ ఆశ.

పరీక్ష రోజున, మార్కులు వేసే కళ్ళజోడు మేడమ్ దాన్ని నా ఎదురుగానే నిలబెట్టింది.

"చదువులో నీకు వంక పెట్టలేను. కానీ నీ మాటలో నువ్వుండవు. వస్తానని అంటే, వచ్చేదానిలా అనాలి. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

"నా చెప్పులతో ఏంటే చెప్పేది? నా మొహం చూడు."

ఆ రోజు పట్టిన మబ్బు ఏం మబ్బనుకున్నావు, కాకులు మధ్యాహ్నమే పొద్దుపోయిందనుకుని నిద్రపోయాయి. వానకి కప్పలు మేడ మెట్లెక్కి వచ్చి హాజరు వేయించుకున్నాయి. అందరి పరీక్షా అయి, చివరికి చిలక వంతు వచ్చేసరికి కరెంటు పోయింది.

"కరెంటు పోతే రోగిని వదిలేస్తామా? మొదలుపెట్టు, వింటాను," అని మేడమ్ టార్చి తెప్పించడానికి తలుపు దగ్గరికి వెళ్ళింది.

ఇక్కణ్ణుంచి నేనేమీ కలపను. కలపబుద్ధి కాదు.

చీకట్లో తెర ఉంగరాలు జరిగిన చప్పుడు. నా తెర కాదు. పక్కది. ఆ మంచం బొమ్మ చెయ్యి ఊడిపోతే బాగుచెయ్యడానికి పట్టుకెళ్ళారు, పరుపూ తీసేశారు. వట్టి ఇనప చువ్వలు. పిచ్చిపిల్ల దారితప్పి ఖాళీ మంచానికి సేవ చెయ్యబోతోందని, నేను నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

"పెద్దమ్మా, నేను నర్సింగు స్టూడెంటుని. ఎలా ఉంది మీకు?"

వాన చప్పుడు. తర్వాత మంచం కిర్రుమంది... మీద ఎవరో అటు నుంచి ఇటు తిరిగినట్టు.

"దాహం..."

నా నవ్వు ఆగిపోయింది. తడిసిన కంబళి వాసన. దాని వెనకే, చాలా రోజులుగా నీళ్ళు మార్చని పూల సీసా వాసన.

"ముందు పల్స్ చూస్తాను పెద్దమ్మా. చెయ్యి పట్టుకుంటున్నాను. ఎంత చల్లగా ఉందో."

చిలక ఇంకాస్త ముందుకి జరిగిన చప్పుడు.

"దొరకడం లేదు..."

"వెతుకు."

"లేదు పెద్దమ్మా."

"ఇంకాస్త పైన."

అరుద్దామనుకున్నాను. వీధులు దాటే గొంతు నాది. నోరు తెరిస్తే గాలి కూడా రాలేదు.

"నీళ్ళు తెస్తాను, ఉండండి."

"అందరూ అదే అన్నారు. రాత్రంతా నొక్కాను. ఎవరూ రాలేదు."

పుస్తకంలో దీనికి జవాబు లేదు. తర్వాత వినిపించిన గొంతు చిలకదే, కానీ అంత మెత్తగా అది మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నేను వస్తాను పెద్దమ్మా. ఇదిగో, బెల్లు మీ చేతిలో పెడుతున్నాను."

"ఎప్పుడు పిలిచినా?"

"ఎప్పుడు పిలిచినా."

కరెంటు వచ్చింది. మేడమ్ గబగబా వచ్చి తెర లాగింది. వట్టి చువ్వలు. పక్కన మోకాళ్ళ మీద చిలక. దాని మణికట్టు చుట్టూ నీలంగా ఐదు వేళ్ళ గుర్తులు.

మేడమ్‌కి చిలక గొంతొక్కటే వినపడిందట. "మంచం తప్పావు. కానీ ఇన్నేళ్ళలో ఆ మాట అలా అన్న పిల్లని చూడలేదు," అని పూర్తి మార్కులు వేసింది. చిలక సంతోషపడలేదు. తలుపు పైకి చూస్తోంది.

"ఆవిడ పిలుస్తున్నారు మేడమ్."

ఎర్ర దీపం వెలుగుతోంది.

"తడికి తీగలు కలిసుంటాయి," అంది మేడమ్. కలవడానికి అసలు తీగలెక్కడివి? చిలక గ్లాసుతో నీళ్ళు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. ఖాళీ గ్లాసుతో వచ్చింది. నేను వంగి చూశాను. నేల మీద చుక్క తడి లేదు.

డిగ్రీ వచ్చింది. అక్క వచ్చి పెట్టె సర్దింది. ఇద్దరూ బస్సెక్కారు. ఊరు దాటకముందే చిలక తలెత్తి ఏదో విన్నట్టు విని, కదులుతున్న బస్సులోంచి దూకేసింది. అక్క వెతుక్కుంటూ వచ్చేసరికి ఈ హాల్లోనే ఉంది, చెప్పుల్లేకుండా, కాళ్ళు చీరుకుపోయి, చేతిలో గ్లాసుతో. "వస్తానన్నాను కదక్కా," అంది, అంతే. అక్క మళ్ళీ ఊరు మాటెత్తలేదు. కాలేజీ వెనక సందులో గది తీసుకుని అక్కడే మిషను వేసుకుంది.

చిలక ఇక్కడే, కాలేజీ ఆసుపత్రిలో, ఉద్యోగంలో చేరింది. అంత మంచి నర్సు ఇంకెక్కడా లేదంటారు. అన్నం ముందు కూర్చున్నా, స్నానంలో ఉన్నా, పిలుపు వస్తే లేచి హాల్లోకి పరిగెడుతుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు వెళ్ళకుండా ఉండి చూసింది. ఆలస్యమైన ప్రతిసారీ ఆ వేళ్ళ గుర్తులు కొంచెం పైకొచ్చాయి. మోచేతికి. భుజానికి. డాక్టర్లు ఏదో చర్మవ్యాధన్నారు, పూత మందిచ్చారు.

ఇప్పుడు వెనక గదిలో జ్వరంతో పడుంది. లేవబోతే అక్క పట్టుకుని ఏడుస్తోంది. నేనిందాక వెళ్ళి చూసొచ్చాను. గుర్తులు గొంతు కిందికి వచ్చేశాయి.

చాల్లే, ఆ దూదుండలు పక్కన పెట్టు. ఆ ఖాళీ మంచం దగ్గరికి నీళ్ళు నువ్వు తీసుకెళ్ళాలి. నేనిస్తే ఆవిడ తాగదు, ఇచ్చి చూశాను, గ్లాసు నిండుగా అలాగే ఉంది. యూనిఫాంలో ఉన్న పిల్ల కావాలి. మంచం మీద పెట్టి వచ్చేయ్. ఏమడిగినా పలక్కు. పల్స్ చూడమంటే చూడకు. వస్తానని మాత్రం చచ్చినా అనకు.

వెళ్ళే ముందు ఇలా వచ్చి, తలుపు సందులోంచి చూడు. రెండు దీపాలు వెలుగుతున్నాయి, నీకూ కనిపిస్తున్నాయి కదూ? ఒకటి ఆవిడది. రెండోది కిటికీ పక్క మంచానిది... నేను పడుకునేది. నేనేమో ఇక్కడే, నీ ఎదురుగానే ఉన్నాను.

అందుకని, రెండు గ్లాసులు పట్టుకెళ్ళు.