నాయన నిలబడిన చోటు

దేవాంగ పిల్లిని వెతకాలంటే పొద్దు గూకగానే బయలుదేరాలి. అరచేతిలో పట్టేంత జంతువు. కొమ్మల్లో మెల్లగా పాకుతుంది. టార్చి వేస్తే కళ్లు రెండూ ఎర్రగా మెరుస్తాయి. కనిపించిన చోటే నిలబడి ఫోన్లో నమోదు చేయాలి. ఏ జంతువు, ఎన్ని, ఎంత దూరంలో. నొక్కగానే మ్యాపులో చుక్క పడుతుంది. ఆ చుక్క జంతువున్న చోటు కాదు, చూసిన మనిషి నిలబడిన చోటు.

భాకరాపేట కనుమ కింది అడవిలో మా నాయన మునెయ్య ఈ పని చేసేవాడు. పురుగూ పుట్రా దగ్గరికి రాకుండా ఒళ్లంతా వేపనూనె పూసుకుని పోయేవాడు. పోయిన చలికాలం బండ మీద నుంచి వంకలో పడి చనిపోయాడు. ఫోను దొరకలేదు. "కాలు జారినాడమ్మా" అన్నాడు సూపర్‌వైజర్ హరినాథ్, ఎవరూ అడక్కముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా చిన్నాయన మునిశేఖర్. "ఆ పొద్దు నాకు జరం రాకుంటే అన్నకు తోడు పోయుందును గదా!" అని తల బాదుకున్నాడు. పాడె మోసిందీ, అప్పటినుంచి మా అమ్మకూ నాకూ బియ్యం తెచ్చి పోస్తున్నదీ ఆయనే.

నాయన కాలు జారిందంటే నేను నమ్మను. కళ్లు మూసుకుని కూడా ఆ బండ దిగేవాడు. ఆయన చుక్క పెట్టిన చోటల్లా కొన్నాళ్లకే జంతువులు మాయమయ్యేవి. క్షుద్రపూజలకు వాటిని కొనేవాళ్లున్నారు. చుక్కలన్నీ వచ్చేది హరినాథ్ ఫోనుకే. నాయన పని నేను అడిగి మరీ తీసుకున్నది జీతం కోసం కాదు. వాడి నోట నిజం వినాలని.

ఒక సాయంత్రం అడవి అంచున టీ బంకు దగ్గర కూర్చున్నాం. హరినాథ్ ఫోను మోగింది. చూసి గ్లాసు కింద పెట్టేశాడు. నేను తొంగి చూశాను. మునెయ్య. బండ పక్కన చుక్క. జంతువు: ఇతరం. సంఖ్య: ఒకటి.

"ఏ మేకలోడికో దొరికినట్టుండాది ఫోను. తెచ్చుకోవాల. పద." అన్నాడు హరినాథ్. ఆ ఫోన్లో వాడి మాటలేవో ఉండి ఉంటాయి. నేను సంతోషంగా లేచాను.

అడవిలో చీకటి తొందరగా పడుతుంది. ఎండుటాకుల కింద తేమ వాసన. కీచురాళ్ల రొద. బండ ఎక్కేసరికి ఆ రొద ఒక్కసారిగా ఆగిపోయింది. గాలి కూడా లేదు.

వేపనూనె వాసన వచ్చింది.

ఫోను మళ్లీ మోగింది. మునెయ్య. ఒకటి. దూరం: నలభై మీటర్లు.

"ఎవడ్రా ఆడ?" జంతువులు బెదరకుండా టార్చికి చుట్టిన ఎర్రకాగితాన్ని హరినాథ్ చించేశాడు. తెల్ల వెలుతురు చెట్ల మీద తిరిగింది. ఎవరూ లేరు…

దూరం: ఇరవై.

"అమలా… నీకెవురన్నా కనిపిస్తాండారా?" గుసగుసగా అడిగాడు.

"లేదు సార్. ఈడ మనం ఇద్దరం ఉండాం గదా. నాయన ఒకర్నే లెక్కబెట్టినాడు, చూసినారా?"

వాడికి అర్థమైంది. ఆ ముఖం చూసి నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

దూరం: పది.

"మునెయ్యా… నేను నీ చుక్కల చోటు మాత్రమే చెప్పినా… నిన్ను తోసింది నేను గాదు… వాడు… వాడే…"

టార్చి ఒక చెట్టు మీద ఆగింది. రెండు ఎర్రటి కళ్లు. కొమ్మ మీద కాదు. మనిషి ఎత్తులో… మనిషి కళ్లు అట్లా మెరవవు.

హరినాథ్ వెనక్కి అడుగు వేశాడు. ఇంకో అడుగు. వెనక బండ అయిపోయింది. నేను చెయ్యి చాస్తే అందేవాడు.

చాచలేదు.

తెల్లారి వంకలోంచి వాడి శవాన్ని పైకి తీశారు. పిడికిలిలో నాయన ఫోను ఉంది. నిండా మట్టి, బ్యాటరీ ఉబ్బి పగిలిపోయింది. ఇక ఎప్పటికీ వెలగదని తిరుపతిలో రిపేరు షాపతను చెప్పాడు. తెచ్చి గూట్లో పెట్టాను. వాడి పని నాకే అప్పగించారు. ఇప్పుడు చుక్కలన్నీ నా ఫోనుకే వస్తాయి.

తోసింది వాడు అన్నాడే, ఆ వాడు ఎవడో తెలియక నాకు అన్నం సహించలేదు.

నిన్న సాయంత్రం చిన్నాయన బియ్యం మూట తెచ్చి దించి, పెరట్లో మంచం మీద కూర్చున్నాడు. "మంచినీళ్లు ఇయ్యమ్మా" అన్నాడు. చెంబు తీసుకుని వెళ్తుంటే నా ఫోను మోగింది.

మునెయ్య. చుక్క మా పెరట్లో, గోడ వారన. సంఖ్య: ఒకటి. దూరం: ఆరు మీటర్లు.

గోడ వైపు చూశాను. ఎవరూ లేరు. మంచం వైపు చూశాను.

జ్వరం అన్నాడు ఆ రోజు…

"ఏందమ్మా, అట్ల సూస్తాండావు?"

"ఏం లేదు చిన్నాయనా. తాగు."

చెంబు చేతికిచ్చి లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాను. ఇల్లంతా వేపనూనె వాసన. ఫోను పెట్టిన గూడు ఖాళీగా ఉంది.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ తలెత్తింది. "పెరట్లో మీ చిన్నాయన ఎవురి కాళ్లో పట్టుకోని ఏడుస్తా ఉన్నట్టుండాది… ఎవురొచ్చినారే?"