ట్యూనర్‌గారి చీటీలు

ట్యాక్స్ ఆఫీసు నుంచి ఆ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే, రెండేళ్ల క్రితం చనిపోయిన మనిషి మన అకౌంటెంట్‌ని తిట్టాడు.

తిట్టు చీటీలో వచ్చింది. మ్యూజిక్ స్కూల్లో ఆరో గది పియానో మీద, గుండ్రటి చేతిరాతతో: "అకౌంటెంట్ గారూ, ఇది పియానో. మీ టీ కప్పు పెట్టుకునే స్టూలు కాదు. మరక తుడవడానికి పావుగంట పట్టింది. ఇట్లు, ట్యూనర్."

అకౌంటెంట్ చదివి ముసిముసిగా నవ్వుకున్నాడు. అప్పటికింకా అతనికి చావు సంగతి తెలియదు పాపం.

అతను ఆ స్కూల్లో చేరి నాలుగు నెలలైంది. మంగళవారం, గురువారం ఎవరూ రాకముందే ముసలి ట్యూనర్ వెనక తలుపు తీసుకుని వస్తాడు, పియానోలు శ్రుతి చేస్తాడు, ఎనిమిది కాకముందే వెళ్లిపోతాడు. ఈమధ్య అతన్ని చూసినవాళ్లు లేరు. చీటీలు మాత్రం ఉంటాయి.

మొదట అకౌంటెంటే ఒక చీటీ పెట్టాడు: "మీ బిల్లు మీద తేదీ లేదండీ."

"పియానోకి తేదీతో పనిలేదు" అని జవాబు.

"నాకూ లేదు. ట్యాక్స్ వాళ్లకి ఉంది."

"అయితే వాళ్లనే వచ్చి వినమనండి."

అలా మొదలైంది. తర్వాత తర్వాత మంగళవారం కోసం సోమవారం నుంచే ఎదురుచూడటం అలవాటైపోయింది. 'ఈ ముసలాయన ఏ ఆడపిల్లో అయితే ఎంత బాగుండేది' అని ఒకరోజు అనుకుని, వెంటనే తన తల తనే మొట్టుకున్నాడు. చీటీలన్నీ టేబుల్ సొరుగులో ఒక డబ్బాలో దాచుకున్నాడు. సొరుగుకి తాళం కూడా వేశాడు, నలుగురూ చూస్తే నవ్వుతారని.

ఇక ఉత్తరం సంగతి. స్కూల్లో ఉద్యోగులు కాకుండా బయటి నుంచి వచ్చి పనిచేసే ప్లంబరు, పెయింటరు, ట్యూనరు లాంటివాళ్లకి ఏడాదిలో ఎంత ఇచ్చారో, పేరూ ట్యాక్స్ నంబరూ వేసి ఏటా ట్యాక్స్ ఆఫీసుకి చెప్పాలి. పాత అకౌంటెంట్ ఏ ఏటికాయేడు నిరుటి పేజీనే దించేసేవాడు. కొత్తవాడూ అదే పేజీ దించాడు. ఫలితం ఇది:

"మీరు పియానో ట్యూనర్‌గా చూపిన వ్యక్తి రెండేళ్ల క్రితమే మరణించినట్టు మా రికార్డుల్లో ఉంది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపు వివరాలు సరిచేసి పంపగలరు."

అతను ఉత్తరం చూశాడు. ఇంకా జేబులోనే ఉన్న చీటీ చూశాడు.

"మేడమ్, ఆయన్ని మీరెప్పుడైనా చూశారా?" ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి అడిగాడు.

"చూసి మూడేళ్లైంది. చేతులు వణుకుతున్నాయి, జనం మధ్య పని చేయలేనంటే వెనక తలుపు తాళం ఇచ్చాను. అప్పట్నుంచీ ఆయన వచ్చి వెళ్లాడని పియానోలే చెప్తున్నాయి" అందామె కళ్లజోడు తుడుచుకుంటూ. "బాబూ, ఆ ఫారం మీద సంతకం నీది. శుక్రవారంలోగా తేల్చకపోతే, ఉద్యోగం ఎప్పుడు పర్మనెంట్ చేస్తారని నన్నడక్కు."

మధ్యాహ్నం వానలో తడుస్తూ ఫారం మీదున్న చిరునామాకి వెళ్లాడు. మూడో అంతస్తు. తలుపు తీసింది ఒక బామ్మ.

"ట్యూనర్‌గారున్నారా అండీ?"

"పోయారు బాబూ. రెండేళ్లైంది."

"మరి... పియానోలు?"

బామ్మ వెనక్కి తిరిగి గోడకున్న కొక్కేన్ని చూసింది. కొక్కేనికి ఏమీ లేదు. సంచి వేలాడి వేలాడి గోడ మీద నల్లటి అచ్చు మాత్రం పడివుంది.

"పొద్దున లేచేసరికి ఆయన సంచి ఉండదు. సాయంత్రానికి మళ్లీ అక్కడే ఉంటుంది" అంది మామూలుగా. "ఇంతకీ నువ్వేనా, పియానో మీద టీ కప్పు పెట్టింది?"

అకౌంటెంట్ మెట్ల మీద కాళ్లకి బుద్ధి చెప్పాడు. పైనుంచి బామ్మ కిలకిల నవ్వు వీధి దాకా వినిపించింది.

బుధవారం ఉదయం సొరుగు తాళం తీశాడు. డబ్బాలో, అన్ని చీటీల మీదా, కొత్తది ఒకటుంది. అక్షరాలు వంకరటింకరగా, రాస్తుంటే ఎవరో చెయ్యి కుదిపినట్టున్నాయి. "రేపు ఆరింటికి రండి. ఆరో గది."

సొరుగు తాళంచెవి అతని మొలతాడుకి కట్టేసినట్టు ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది. ఆ రోజంతా అతనికి ముచ్చెమటలు పోస్తూనే ఉన్నాయి. వెళ్లకూడదని వందసార్లు అనుకున్నాడు. వెళ్లాడు.

గురువారం ఆరింటికి స్కూలు బయట వాన, లోపల మసక. వరండా చివరి నుంచి ఒక్కటే స్వరం. టంగ్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ అదే స్వరం, వెంట్రుకవాసి పైకి. మళ్లీ అదే. ఆరో గది తలుపు తోసేసరికి ఆ మోత ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. పియానో మూత తీసి ఉంది. స్టాండు మీద శ్రుతి చూసుకునే ఇనుప ఫోర్కు ఒకటి ఇంకా సన్నగా మోగుతోంది.

"అయ్యా," అన్నాడు అకౌంటెంట్. "నేను మీకు ఏ అపకారమూ చేయలేదు. ఒక్క టీ కప్పు..."

పియానో వెనక నుంచి తల ఒకటి పైకి లేచింది.

అతను కెవ్వుమన్నాడు. ఆ తలా కెవ్వుమంది. తీరా చూస్తే పాతికేళ్ల అమ్మాయి, చేతిలో స్పానరు, ముక్కు మీద దుమ్ము.

"మతి పోయిందా మీకు! ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారు?"

"మీరేగా రమ్మన్నారు!"

"నేనా? టీ మరకలతో పాటు అబద్ధాలు కూడా మొదలుపెట్టారా?"

ఆ గొంతు ముందెప్పుడూ వినలేదు. ఆ మాటతీరు మాత్రం నాలుగు నెలలుగా తెలుసు. అకౌంటెంట్ గుండెలో ఏదో ఒకటి దబ్బున సర్దుకుంది.

"చీటీలు... మీరా?"

ఆమె స్పానరు దించింది. "తాతయ్య చేతులు వణికేవి. పదేళ్లుగా బిల్లులు, చీటీలు నేనే రాసేదాన్ని. పని కూడా ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. పోయాక ఒక మంగళవారం మామూలుగా సంచి తీసుకుని వచ్చేశాను. రాత మారలేదు, పని మారలేదు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు."

"ట్యాక్స్ వాళ్లు అడిగారు."

ఉత్తరం చదివి ఆమె ముఖం పాలిపోయింది. "వచ్చే ఏడాది చూద్దురుగాని. ఈసారికి ఇలాగే పంపేయండి. మేడమ్ నమ్మకం తాతయ్య చెవుల మీద. నేనని తెలిస్తే రేపే ఏ కంపెనీకో ఇచ్చేస్తుంది. నాకున్న పెద్ద పని ఇదొక్కటే."

"చనిపోయిన మనిషికి ఇచ్చామని తెలిసి తెలిసి సంతకం పెట్టలేనండీ. పని చేసింది మీరు. ఫారం మీద ఉండాల్సింది మీ పేరు."

"అంటే నా పొట్ట కొడతారన్నమాట."

"కాదండీ..."

"చీటీల్లో మనిషి వేరేలా ఉండేవాడు" అని సంచి భుజాన వేసుకుని వానలోకి వెళ్లిపోయింది. ఆ రోజు రెండు పియానోలు శ్రుతి లేకుండానే మిగిలిపోయాయి. అకౌంటెంట్‌కి అన్నం సయించలేదు. నిజం చెప్పాలంటే అతను భయపడింది ఉద్యోగం గురించి కాదు. వచ్చే మంగళవారం చీటీ ఉండదని.

శుక్రవారం నాలుగున్నర. ట్యూనర్ పేరు దగ్గర ఖాళీ వదిలేసి అతను కూర్చున్నాడు. ఎదురుగా ప్రిన్సిపాల్ గడియారం చూస్తోంది.

"ఎవరో తెలిసిందన్నావు. రాయవేం?"

"ఆవిడ పేరు ఆవిడే చెప్పాలి మేడమ్. నేను చెప్పను."

"ఉద్యోగం పోయినా?"

"పోయినా."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. గొడుగు నుంచి నీళ్లు కారుతుండగా ఆ అమ్మాయి నిలబడి ఉంది. నేరుగా వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. అందులో ఆమె పేరు, ట్యాక్స్ నంబరు, సంతకం.

"పోయిన రెండేళ్లవి కూడా నా పేరు మీదకి మార్చండి. కట్టాల్సింది కడతాను" అంది. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "మేడమ్, తాతయ్య లేరు. రెండేళ్లుగా నేనే. దాచడం తప్పే."

ప్రిన్సిపాల్ ఆ కాగితం అందుకుని సంతకం దాకా చదివింది.

"మీ తాతకి చివర్లో పై స్వరాలు వినపడేవి కావమ్మా" అంది. "ఆ కొస మీటలు శ్రుతి తప్పుతున్నా, ఆయన్ని నొప్పించలేక ఊరుకున్నాను. రెండేళ్ల కిందట ఒక మంగళవారం అవి ఉన్నట్టుండి బాగుపడ్డాయి. చేతులు మారాయని ఆ రోజే అనుకున్నాను. పెద్దాయన గురించి వినాల్సొస్తుందని భయపడి అడగలేదు." కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకుంది. "నిన్న రెండు పియానోలు వదిలేశావు. ఎప్పుడు చేస్తావు?"

అయిదుకి మూడు నిమిషాలుండగా ఫారం వెళ్లింది. ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"ఉద్యోగం పోయినా చెప్పనన్నారట" అంది ఆమె, గొడుగు కొసతో నేల మీద గీతలు గీస్తూ.

"విన్నారా?"

"తలుపు బయటే ఉన్నాను. నా చెవులు బాగా పనిచేస్తాయి."

అతను సొరుగు తీసి డబ్బా ఆమె ముందు పెట్టాడు. "ఇవి రాసే మనిషంటే నాకు ప్రేమండీ. ముసలాయననుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. చచ్చిపోయారనుకుని జ్వరం తెచ్చుకున్నాను. అయినా పోలేదు."

"చచ్చారనుకున్నా పోలేదా?"

"లేదు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మా బామ్మ మొన్నే చెప్పింది, పిల్లాడు మంచివాడే, పరుగు కూడా బాగా తీస్తాడని" అంటూ ఒక్కొక్క చీటీ తీసి చదవసాగింది. అన్నిటికంటే పైనున్న దాన్ని ఆమె పక్కన పెట్టింది. మళ్లీ తీసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఇది నేను రాయలేదు."

"అదే, మీరు రమ్మన్న చీటీ..."

"నేను రాయలేదు" అంది మెల్లగా. వంకర అక్షరాల మీద వేలు ఆనించింది. "'ఆరో' చూడండి. చివర్లో చెయ్యి జారి కిందికి పోయింది. వణుకు మొదలయ్యాక తాతయ్య ఇలాగే రాసేవారు. అందుకే నేను రాయడం మొదలుపెట్టాను."

ఇద్దరూ సొరుగు తాళం వైపు చూశారు. బయట వాన ఆగిపోయింది. స్కూల్లో ఇంకెవరూ లేరు.

వరండా చివర, ఆరో గదిలో, పియానో మీద ఒక్క స్వరం మోగింది. అన్నిటికంటే కొసన ఉండే, అన్నిటికంటే సన్నటి స్వరం.

ఆమె చప్పున అతని చెయ్యి పట్టుకుంది. "అది తాతయ్యకి వినపడేది కాదు" అంది గుసగుసగా.

"ఇప్పుడు వినపడుతోందేమో" అన్నాడు అకౌంటెంట్.

ఆ స్వరం గాలిలో సన్నబడి సన్నబడి ఆగిపోయేదాకా ఇద్దరూ కదలకుండా విన్నారు. శ్రుతి సరిగ్గా ఉంది. భయపడి పట్టుకున్న చెయ్యిని, భయం పోయాక కూడా ఆమె వదల్లేదు.