పల్లీలు పడని పిల్ల

"జర ఆ పాకెట్ విప్పకండి," అంది కరుణ.

పక్కసీటు కుర్రవాడు మసాలా పల్లీల పాకెట్‌ను అప్పుడే పళ్ళతో పట్టుకున్నాడు. అలాగే ఆమె వైపు తిరిగాడు. విమానం ఢిల్లీలో కదలకముందు "అమ్మా, రేపు పొద్దుగాల మిర్యాలగూడల ఉంటా" అని ఫోన్‌లో చెప్పుకున్న మనిషే. మన ప్రాంతం వాడు, చెప్తే వింటాడనుకుంది కరుణ.

"ఎందుకు?"

"నాకు పల్లీలు పడవు. అలర్జీ."

"తినేది నేను కద మేడం. మీకేమైతది?"

"పొడి మీ చేతికంటి, అది నా చేతికంటి, ఆ చెయ్యి నా నోటికాడికి పోయిందంటే నా గొంతు మూసుకపోతది."

అతను నవ్వాడు. "పల్లీలతోని సస్తరా ఎవలన్న? మా అమ్మకు టిఫిన్ సెంటర్ ఉంది. నేను పల్లి చట్నీ తినే ఇంత పెరిగిన."

"పెరిగిన్రు. తెలివి ఒక్కటి తప్ప అన్ని పెరిగినయ్."

కరుణ కోదాడలో బాలికల గురుకులంలో పీఈటీ, ఆటల టీచరు. మైదానం ఆ చివరి పిల్లకు వినబడేలా మాట్లాడడం అలవాటు. ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. కుర్రవాడు ఎర్రబడ్డ ముఖంతో పాకెట్‌ను చొక్కా జేబులో కుక్కుకున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని గొణుక్కున్నాడు.

అంతలో తోపుడు బండితో ఎయిర్ హోస్టెస్ వచ్చింది. మసాలా పల్లీలు, ఉప్పు కాజూ, బాదం బిస్కెట్లు. ఏది కావాలో ఎంచుకోమంది.

"ఈ మూడిట్ల నేను తినేది ఒక్కటి లేదు," అంది కరుణ. పల్లీలతో పాటు కాజూ, బాదం కూడా ఆమెకు పడవు. టికెట్ కొన్నప్పుడే ఈ సంగతి రాసింది. కౌంటర్‌లో చెప్పింది. ఎక్కేటప్పుడు ఇదే అమ్మాయికి మళ్ళీ చెప్పింది.

అలాంటప్పుడు మీ తిండి మీరే తెచ్చుకోవాలి మేడం, అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో, చెరగని చిరునవ్వుతో. మిగతా ప్రయాణికులను తినొద్దనలేం కదా అని కూడా అంది. కరుణకు ఒళ్ళు మండింది. ఇంతమంది ఎక్కే విమానంలో ఒక అరటిపండు, పిడికెడు మరమరాలు పెట్టలేరా అని అడిగింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఒక శాండ్‌విచ్ తెచ్చింది.

"దీంట్ల పల్లీలు ఉన్నయా?"

"నో నట్స్ మేడం."

"పక్కానా? చట్నీల గూడ లేవా?"

"లేవు మేడం."

కరుణ ఒక ముక్క కొరికింది. ఆకుపచ్చ చట్నీ నాలుకకు తగలగానే తెలిసిపోయింది. ముందు పెదవులు చురుక్కుమన్నాయి. తర్వాత చెవుల్లో దురద, గొంతులో ముడి. చట్నీ చిక్కగా రావాలని ఎవరో పల్లీలు రుబ్బి కలిపారు.

"బ్యాగు," అంది. మాట సగమే వచ్చింది. "ముందర జేబు."

కుర్రవాడి ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. బ్యాగు తెరిచి ఇంజెక్షన్ తీసి ఇచ్చాడు. ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టర్ నేర్పినట్టు ఆమె సూదిని తొడలో గుచ్చుకుంది. ఆక్సిజన్ తెమ్మని అతను వేసిన కేకకు ఎయిర్ హోస్టెస్ చిరునవ్వు మొదటిసారి చెరిగింది.

శంషాబాద్‌లో దిగగానే అంబులెన్స్ ఎక్కించారు. తోడెవరని అడిగితే, "నేనే," అంటూ అతను కూడా ఎక్కాడు. సూర్యాపేట నుంచి కరుణ తండ్రి దానియేలు వచ్చేదాకా దవాఖాన బెంచీ మీదే కూర్చున్నాడు.

"నీ పేరేంది బాబూ?" అని దానియేలు అడిగాడు.

"జీవన్. మిర్యాలగూడల రైస్ మిల్లు మిషన్లు సూస్త. ట్రైనింగ్‌కు పోయొస్తున్న." తర్వాత మంచం వైపు తిరిగాడు. "మేడం, పల్లీలతోని సస్తరా అన్న. తప్పయింది."

కరుణకు మాట్లాడడానికి ఇంకా గొంతు రాలేదు. వచ్చుంటే గట్టిగానే అనేది. చెయ్యి ఊపి ఊరుకుంది.

ఆ తర్వాత జీవన్ మెసేజ్‌లు మొదలయ్యాయి. కిరాణా కొట్టులో నిలబడి బిస్కెట్ పాకెట్ల వెనక అక్షరాలు ఫోటో తీసి పంపేవాడు. 'ఇది మీకు ఓకే.' 'ఇది డేంజర్.' 'మేడం, ఈ మిక్చర్ల పల్లీలే ఉన్నయ్, మిక్చర్ అని ఊకెనే అంటరు.' కరుణ స్టాఫ్ రూంలో ఫోన్ చూసుకుని నవ్వుకునేది. పక్కనున్న స్వప్న టీచర్ ఎవరని అడిగితే, ఫోన్ కంపెనీ వాళ్ళ మెసేజని బొంకేది.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆమె పెట్టిన ఫిర్యాదుకు విమాన కంపెనీ నుంచి జవాబొచ్చింది. ప్రయాణికురాలు ఆ శాండ్‌విచ్‌ను తన ఇష్టంతోనే తిన్నారని, పక్కసీటులోని జీవన్ అనే ప్రయాణికుడు ఈ విషయం ధ్రువీకరించారని, ఇకపై తమ విమానం ఎక్కాలంటే ఆమె డాక్టర్ సర్టిఫికెట్ తేవాలని రాశారు.

అదే కంపెనీ విమానంలో వచ్చే నెల ఆమె ఖోఖో టీమ్ గువాహటిలో జాతీయ పోటీలకు వెళ్ళాలి. గొర్ల కాపరుల పిల్లలు, కూలీల పిల్లలు. విమానాన్ని ఆకాశంలో తప్ప చూడని పిల్లలు.

"ఏం కాదని ఏ డాక్టర్ రాసిస్తడు కరుణా?" అంది ప్రిన్సిపాల్ వసంత మేడం. "ఈసారికి స్వప్నను పంపుదాం. ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎలా? తప్పు చట్నీలో వాళ్ళు చేశారు. అబద్ధం నోటితో వాళ్ళు చెప్పారు. సర్టిఫికెట్ మాత్రం ఆమె తేవాలి. పైగా సాక్షి జీవన్. అవతల బిస్కెట్లకు కాపలా కాస్తూ, ఇవతల ఈ పని చేశాడు.

మధ్యాహ్నం సెలవు పెట్టి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కింది. దిగేసరికి వాన. టిఫిన్ సెంటర్ కనుక్కోవడం కష్టం కాలేదు. వేయించిన పల్లీల వాసన వీధి మలుపు దాకా వచ్చి ఆమెను ఆపేసింది. రోడ్డుకు ఇవతలే గొడుగు పట్టుకుని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని ఫోన్ చేసింది.

"బయటికి రా. గాడ అరుగు మీదనే నిలబడు. దగ్గరికి రాకు."

జీవన్ సంతోషంగా బయటికొచ్చాడు. ఆమె ముఖం చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. వెనక నుంచి అతని తల్లి సాలమ్మ తొంగి చూసింది.

"ఎవల్రా గా పిల్ల? మన హోటల్ ముందర నిలబడి ముక్కు మూసుకుంటది?"

"ఆగమ్మా."

రోడ్డుకు అటొకరు, ఇటొకరు. మధ్యలో వాన, ఆటోలు. ఫోన్‌లోనే మాట్లాడుకున్నారు.

"కంపెనీవాళ్ళు నీకు ఫోన్ చేసిన్రా?"

"చేసిన్రు. ఆమెనే తిన్నదా అని అడిగిన్రు. ఔ అన్న. మీ నోట్ల ఎవలన్న పెట్టిన్రా మరి?"

"నేను అడిగి అడిగి తిన్న అని చెప్పినవా? లేవు లేవని ఆ పిల్ల అన్నదని చెప్పినవా?"

"వాళ్ళు అది అడగలే."

"వాళ్ళెందుకు అడుగుతరు? నువ్వు చెప్పాలె. నా పక్కన కూసున్నది వాళ్ళా, నువ్వా?"

జీవన్ చూపు దించుకున్నాడు. కంపెనీ రాసిందంతా కరుణ చదివి వినిపించింది. పిల్లల సంగతీ, గువాహటి సంగతీ చెప్పింది. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. అలర్జీ వల్ల కాదు. అది అతనికి తెలియకూడదని గొడుగు కిందికి వంచుకుంది.

"నన్ను నమ్ముతవా?" అన్నాడతను. 'మేడం', 'మీరు' రెండూ పోయాయి.

"నమ్మనీకి ఏం చేసినవ్?"

సమాధానం కోసం ఆగకుండా బస్టాండ్ వైపు నడిచింది.

ఆ సాయంత్రమే జీవన్ కంపెనీకి ఫోన్ చేశాడు. ఫిర్యాదు మూసేశామన్నారు. అప్పుడతను జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్తూ వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. "నేను సుత ఆమెను చూసి నవ్విన. నా మాటల సగం తీసుకుని ఆమె మీదనే వేసిన్రు. పల్లీల మీద బతికే ఇంటోణ్ణి చెప్తున్న, పడనోళ్ళకు అది విషమే." ఆ వీడియో మిర్యాలగూడ దాటింది, కోదాడ దాటింది. పాలు పడని పిల్లల తల్లులు, జీడిపప్పు తిని ఆస్పత్రి పాలైనవాళ్ళు తమ సంగతులు కింద రాశారు.

వారం తిరక్కుండా సూర్యాపేటలో కరుణ ఇంటికి కంపెనీ ఆఫీసర్ వచ్చాడు. సాక్షి కూడా ఉండాలన్నాడని దానియేలు జీవన్‌ను పిలిపించాడు. జీవన్ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కరుణ అతని వైపు చూడలేదు. చూడకుండానే అతను కొత్త చొక్కా వేసుకున్నాడని గమనించింది.

ఆఫీసర్ టై సవరించుకుని, రిబ్బన్ కట్టిన పెద్ద బుట్టను బల్ల మీద పెట్టాడు. "మా కంపెనీ తరఫున చిన్న కానుక. మేడం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సర్టిఫికెట్ సంగతి చూద్దాం."

కరుణ తల్లి సరోజ రంగు కాగితం లోంచి చూసింది. కాజూ, బాదం, పిస్తా, మధ్యలో పల్లి పట్టీ.

ఆమె బుట్టను ఆఫీసర్ వైపే నెట్టింది.

"సార్," అంది సరోజ, "మీరు మా బిడ్డను పరామర్శ చేయనీకి వచ్చిన్రా, మొన్న మిగిలిన పని ఖతం చేయనీకి వచ్చిన్రా?"

"అది... అందరికీ ఇచ్చే బుట్టేనండీ."

"గదే మీ రోగం," అంది కరుణ. "అందరికీ ఇచ్చేదే ఇస్తరు. ముంగట ఎవలున్నరో చూడరు. మీరు నా ఫైల్ మొత్తం చదివే వచ్చిన్రు కద సార్. చదివి ఇది తెచ్చిన్రు."

జీవన్ లేచి బుట్టను ఎత్తుకుని బయట ఆఫీసర్ కారులో పెట్టి వచ్చాడు. "సార్, నా మాట పూర్తిగ రాసుకోండి. ఆమె అడిగింది. మీ మనిషి లేవన్నది. గది రాయకుండ మీరు పోలేరు."

ఆఫీసర్ రాసుకున్నాడు.

కొన్ని రోజులకు ఉత్తరం వచ్చింది. సర్టిఫికెట్ అక్కర్లేదు. టీమ్ వెళ్ళే విమానంలో పల్లీలు, కాజూ పంచరు. 'కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.'

"అసౌకర్యమంట," అంది కరుణ ఫోన్‌లో జీవన్‌తో. "పానం పోవుడు అసౌకర్యమంట. నేను కేసు వేస్తున్న."

"వెయ్. సాక్షిని నేనున్న."

"నమ్ముతున్న," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

విమానంలో పిల్లలకు వేయించిన తామర గింజలు, అరటిపండ్లు ఇచ్చారు. పిల్లలు కిటికీల దగ్గర వంతులేసుకుని మబ్బులు చూశారు. టీమ్ ఫైనల్లో ఓడి, రెండో కప్పుతో తిరిగొచ్చింది. గురుకులం గేటు దగ్గర జీవన్ బైక్ మీద ఎదురుచూస్తున్నాడు.

"గీడనే కోదాడల మిల్లుల పని చూసుకున్న," అన్నాడు.

"మిర్యాలగూడల మంచి పని ఉండె కద?"

"నువ్వు మిర్యాలగూడకు రాలేవు కద. మా ఇంట్ల గోడలు సుత పల్లి వాసనే."

కరుణ కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఇది పెళ్ళి మాటేనా?"

"సగం."

"మిగిలిన సగం?"

"మా అమ్మ. ఆ వీడియో చూసిన్నుంచి నాతోని మాట్లాడుతలేదు. నా చట్నీని విషమన్నవ్ అని."

కరుణకు నవ్వు రాలేదు. ఇంతకుముందొక సంబంధం ఈ పల్లీల దగ్గరే తెగింది. పల్లీలు తినని పిల్లకు వేరే వంట ఎవరు చేస్తారని చివ్వెంల ఊరి నుంచి చూడవచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "ఆమెను బతిమాలకు జీవన్. నేను ఎవలికీ భారం కాను."

ఆదివారం కరుణ వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆటో ఆగింది. జీవన్ దిగాడు. వెనక సాలమ్మ దిగింది. తల తడి ఇంకా ఆరలేదు. చీర మడతలు కొత్త వాసన వేస్తున్నాయి. చేతిలో సంచి లేదు, పండ్లు లేవు, స్వీట్ డబ్బా లేదు.

కరుణ గడప దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మనాలో వద్దో, ఏం వినాల్సి వస్తుందో తెలియలేదు. సరోజ ఎదురెళ్ళి రమ్మంటే సాలమ్మ అడ్డంగా తల ఊపింది.

"ఆగు వదినా. ముందు సబ్బియ్యి. పొద్దుగాల తానం చేసే వచ్చిన గని, యాభై ఏండ్ల చెయ్యి, నమ్మరాదు."

వాకిట్లో నల్లా దగ్గర కూర్చుని మోచేతుల దాకా రుద్దుకుంది. గోళ్ళ కింద రుద్దుకుంది. కడిగి, మళ్ళీ సబ్బు రాసుకుంది. కరుణ చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడింది.

అప్పుడు లేచి, తడి చేతులతో కరుణ ముఖాన్ని దగ్గరికి తీసుకుంది సాలమ్మ.

"ఆ వీడియో కింద తల్లులు రాసినయ్ చదివించుకున్న. చట్నీ నా బతుకు, బిడ్డా. ఇడవలేను. గని నీకాడికి వచ్చినప్పుడల్లా గిట్లనే కడుక్కొని వస్త. సరేనా?"

కరుణ తల ఊపింది. కళ్ళు నిండాయి.

"గా విమానపోళ్ళ మీద కేసు ఇడిచిపెట్టినవా?"

"లేదత్తమ్మా."

"ఇడవకు," అంది సాలమ్మ.