శిలువ దగ్గర తెల్లచీర

అమెరికాలో, నోవై ఊరు దాటాక పొలాల మధ్య రోడ్డు పక్కన మనిషెత్తు రాతి శిలువ ఒకటుంది. దానికి మంచి పేరు లేదు.

నూరేళ్ళ కిందట ఒక తెల్ల రైతు భార్య ఇల్లు విడిచి పోతూ, అక్కడే మంచులో బిగుసుకుపోయిందట. మొగుడు రాయి నిలబెట్టించి, తన పేరు నిండుగా చెక్కించుకున్నాడు. ఆవిడ పేరుకి చోటు చాలలేదు. 'ఫలానావారి భార్య' అని ఊరుకున్నాడు. అప్పట్నుంచీ తెల్లబట్టల్లో నిలబడి, ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళని పట్టుకుంటుందని చెప్పుకుంటారు. మగవాళ్ళ జోలికి ఎందుకు పోదో ఎవరూ అడగలేదు.

1979 జనవరి, ఆదివారం. నర్సు దీనమ్మ సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతుంటే, భర్త ప్రేమానందం సోఫాలోంచే హెచ్చరించాడు.

"శిలువ దగ్గర స్లో చెయ్యకు. ఏం కనబడినా కారు ఆపకు."

"అంత భయమైతే మీరొచ్చి డ్రాప్ చెయ్యండి."

"గేమ్ ఉందిగా!"

దెయ్యం కంటే ఫుట్‌బాలే పెద్దదన్నమాట.

ఐదున్నరకే కటిక చీకటి. మంచు పడుతూనే ఉంది. దీనమ్మ మనసు మాత్రం దెయ్యం మీద లేదు... విమలకుమారి మీద ఉంది.

తెలుగు చర్చి సంఘపెద్ద రత్నరాజు భార్య విమల. గుడివాడ నుంచి వచ్చి రెండు నెలలు. పొద్దున గుడిలో ప్రభు సంస్కారం ద్రాక్షరసం పుచ్చుకుంటూ, పాత్ర పెదవికి తగలగానే చురుక్కుమని వెనక్కి జరిగింది.

"ఏమైంది?" అని గుసగుసగా అడిగింది దీనమ్మ.

"చలికి పగిలిందక్కా."

చలికి పగిలిన పెదవేదో, పిడికిలికి పగిలిందేదో నర్సుకి తెలీదా? తెలుసు. అయినా నోరు మెదపలేదు. రత్నరాజు ప్రార్థన అంత కమ్మగా ఉంటుంది మరి!

అదిగో శిలువ.

దాని పక్కన — తెల్లగా — ఎవరో.

దీనమ్మ గుండె ఆగింది. కాలు మాత్రం ఆగలేదు, యాక్సిలరేటర్ని తొక్కేసింది. శిలువ వెనక్కి పోయింది... చీకట్లో కలిసింది...

తెల్లవాళ్ళ దెయ్యం తలమీద కొంగెందుకు కప్పుకుంటుంది?

బ్రేకు. కారు జర్రున జారి, ఆగింది. సంస్కారం ఆదివారం మన ఆడవాళ్ళంతా కట్టేది తెల్లచీరే!

రివర్స్ చేసింది.

విమల! ఒంటిమీద పొద్దుటి చీరే. కోటు లేదు. కాళ్ళకి రబ్బరు చెప్పులు. రాతిని ఆనుకుని వణుకుతోంది. ఆమె ఇల్లు అక్కడికి అరమైలు.

దీనమ్మ ఆమెని కార్లో కూర్చోబెట్టి, తన కోటు కప్పి, హీటర్ పెంచింది.

"ఎంతసేపయింది?"

"వెలుగుండగా బయటికి తోసేశాడక్కా. తలుపేసుకున్నాడు... అక్కా, నన్ను మళ్ళీ ఆ ఇంటికి..."

"తీసుకెళ్ళను. ఆస్పత్రికే. ఆ తర్వాత మా ఇంటికి."

విమల కళ్ళు మూసుకుంది. "కూలబడబోతే ఒకావిడ నా రెక్క పట్టుకుంది. 'కూర్చోకు. కూర్చుంటే నాలా అయిపోతావు. కారొస్తుంది' అంది."

దీనమ్మ ఆమె వైపు తిరిగింది. "ఎవరు... మనవాళ్ళా?"

"కాదు. తెల్లావిడ."

"నీకు ఇంగ్లీష్ రాదుగా, విమలా?"

విమల కళ్ళు తెరిచింది.

"అవును కదక్కా... మరి నాకెలా అర్థమయింది?"