వాన గీసిన పేజీ

"మీ ట్యాబ్‌లో ఎన్ని శ్రీరామలున్నాయండీ?" అని దీనా అడిగిన తీరుకి ఆదినారాయణకి ఒళ్లు మండింది. కానీ తప్పు తనదే.

పేజీ పైన శ్రీరామ అని రాయందే ఆదికి కలం కదలదు. కాగితాల కాలంలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. డైరెక్టర్ త్రినాథరావు ఫిల్మ్‌నగర్ ఆఫీసులో కాగితాలు మానిపించి అందరికీ ట్యాబ్‌లు ఇచ్చాక వచ్చింది చిక్కు. నోట్స్ యాప్‌లో కొత్త నోట్ తెరవగానే పైన పేరు రాయమని ఒక గడి కనిపిస్తుంది. పైన గడి కనిపిస్తే ఆది ఏం రాస్తాడు? శ్రీరామ అని టైపు చేసి, కింద సీనంతా చేత్తో రాసేవాడు. ఇప్పుడు తెర నిండా ఒకే పేరు.

నాలుగింటికి హీరో కథ వినడానికి వస్తున్నాడు. ఇంటర్వెల్ సీన్ ఆయనకి నచ్చితే మాటల రచయిత ఆదినారాయణ, నచ్చకపోతే వేరొకరు. ఆ సంగతి త్రినాథరావు పొద్దున్నే తేల్చి చెప్పేశారు. ఇన్నేళ్లుగా కృష్ణానగర్ గదిలో కూర్చుని పెద్ద రైటర్లకి పేరు లేకుండా రాసిపెట్టిన ఆదికి, తెర మీద పేరు పడే అవకాశం రావడం ఇదే మొదలు. ఆ సీనేమో కనిపించడం లేదు.

దీనా అసిస్టెంట్ డైరెక్టర్. వెంగళరావు నగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. ఆ యాప్‌లో ఏ మెనూ కింద ఏముందో ఆమెకి తెలిసినంతగా ఆఫీసులో ఎవరికీ తెలియదు. పోపుల డబ్బాలో ఆవాలు అందుకున్నట్టు చూడకుండానే నొక్కేస్తుంది. ఆమె ట్యాబ్ నేర్పిస్తుంటే ఆ వేళ్లని చూస్తూ ఆది చాలాసార్లు పాఠం మరిచిపోయాడు.

"మాట కొట్టి వెతకొచ్చు కదండీ?" అన్నాడు.

"చేత్తో రాశారుగా. మీ రాత దీనికి అర్థం కాదు. నాకే అంతంత మాత్రం."

"పోనీ, తేదీని బట్టి?"

తెర మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, నోట్స్ అన్నిటినీ చివరిగా మార్చిన తేదీ వరుసలో పెట్టింది దీనా. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అన్నీ ఇవాళే మార్చినట్టు చూపిస్తోంది. ఏం చేశారు?"

"ఏవేవి చూశానో గుర్తుండాలని ఒక్కోదాని మీదా టిక్కు పెట్టాను."

దీనా కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటోందో, తనని తిట్టుకుంటోందో ఆదికి అంతుపట్టలేదు.

"పోయినట్టేనాండీ?"

"కనిపించకపోతే పోయినట్టు కాదండీ. మీరు వెతికిన చోట లేదు, అంతే."

ట్యాబ్ చేతికిచ్చిన మొదటి రోజు కూడా ఆమె సరిగ్గా ఈ మాటే అంది. ఆది తల దించుకున్నాడు.

"సరే, ఆ పేజీ చూడ్డానికి ఎలా ఉంటుంది?"

"మధ్యలో వాన ఉంటుంది."

"వానా?"

"మాట తట్టనప్పుడు గీతలు గీస్తానండీ, ఏటవాలుగా. ఆ రోజు బాగా కురిసింది."

దీనా నవ్వు ఆపుకుంది. "ఒక్కో నోట్‌లో ఎన్ని పేజీలున్నాయో చూశారా?"

"మొదటి పేజీ చూసి టిక్కు పెట్టాను. వెనకాల ఇంకా ఉంటాయా?"

దీనా ట్యాబ్ తన వైపు తిప్పుకుంది. వ్యూ మెనూ తెరిచి ఏదో మార్చింది. వరుసగా ఉన్న పేర్లు పోయి, పేజీలన్నీ చిన్న చిన్న బొమ్మలై తెర మీద పరుచుకున్నాయి. ఒక కామెడీ సీను వెనకాల, ఆది పొరపాటున రాసి మళ్లీ తిప్పని పేజీలో, నల్లగా వాన కురుస్తోంది.

"ఇదిగో మీ వాన," అంది దీనా.

మెనూల్లో ఇంత అందం ఉంటుందని ఆదికి అప్పటిదాకా తెలియదు.

నాలుగింటికి హీరో వచ్చాడు. ఆది సీను చదివాడు. అంతా అయిపోయిందని కుర్చీలోంచి లేచిన కథానాయకుడితో నాయిక అంటుంది: "కనిపించకపోతే పోయినట్టు కాదు. నువ్వు వెతికిన చోట లేదు, అంతే."

గుమ్మం దగ్గర నిలబడ్డ దీనా చటుక్కున తలెత్తింది.

"ఆ మాట ఇంకోసారి చదవండి," అన్నాడు హీరో. విని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఎలా తట్టింది బ్రదర్ మీకిది?"

త్రినాథరావు కంగారుగా ఆది వైపు చూశారు. నాదే సార్ అంటే సరిపోతుంది. ఆది గుమ్మం వైపు చూశాడు.

"నాది కాదు సార్. దీనా గారిది. నాకు ట్యాబ్ నేర్పిస్తూ అన్నారు. నేను సీన్లో పెట్టుకున్నాను."

హీరో నవ్వాడు.

"పక్కవాళ్ల మాటని పక్కవాళ్లదే అని చెప్పే రైటర్ని ఇప్పుడే చూస్తున్నా. ఇతన్ని వదలకండి సార్."

"మాటలు నువ్వే రాయవయ్యా," అన్నారు త్రినాథరావు. "దీనా, నీ పేరు కూడా వేద్దాం."

సాయంత్రం నిజం వాన మొదలైంది. మెట్ల కింద స్కూటీ పక్కన ఇద్దరూ ఆగిపోయారు.

"అంతమందిలో నా పేరు ఎందుకు చెప్పారు? సీను పోతే?"

"పోతే ఇంకోటి రాసుకుంటానండీ. మీ మాట నాదని చెప్పుకుని మళ్లీ మీ మొహం ఎలా చూడను?" ఆది వాన వైపు చూస్తూ అన్నాడు, "మీరంటే నాకు చాలా ఇష్టం. పద్ధతిగా రాసుకుని చెబుదామనుకున్నాను. కుదరలేదు."

"వాన గీశారా?"

"రెండు పేజీలు."

"పైన ఏం పేరు పెట్టారు?"

ఆది తల గోక్కున్నాడు. దీనా పకపకా నవ్వింది.

"శ్రీరామేనా? ఉండనివ్వండి. నేనే వెతుక్కుంటాను." పెట్టుకోబోయిన హెల్మెట్‌ని మళ్లీ హ్యాండిల్‌కి తగిలించింది. "ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రండి. మా డాడీ కొత్తగా ట్యాబ్ కొన్నారు. ఒక్క మెనూ రాదు ఆయనకి."

"మీరు నేర్పించొచ్చు కదండీ?"

"నేను నేర్పిస్తే మీరు ఏ వంకన వస్తారు?"

వాన తగ్గే సూచన ఏమీ కనిపించలేదు. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.