డోజరు తాగిన నీళ్లు

దెయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. పద్దెనిమిదేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయంటే బయటికి కారుతుండాలి, లేదా ఇంజన్ లోపలికి పోతుండాలి. మూడో దారి లేదు. ఆ రోజు వర్లి సముద్రం పక్కన మట్టి పోసేచోట నా తమ్ముడు రాములుకు ఈ పాఠమే గొప్పగా చెప్పాను.

ఎనభై నాలుగు, ఆగస్టు నెల. మధ్యాహ్నమే మబ్బుతో చీకటి కమ్మింది. బురద వాసన, డీజిల్ వాసన కలిసి ముక్కుకు కొడుతున్నాయి. మా ముందున్న పాత బుల్డోజర్‌ను రేపటి నుంచి రాములు నడపాలి. అంతకుముందు నడిపినవాడు మా బావ ముత్తయ్య, మా అక్క మల్లవ్వ భర్త. ఆయన పోయి ఆ రోజుకు తొమ్మిది రోజులు.

ఆయన చావుకు నేనే కారణం. రేడియేటర్ మూత స్ప్రింగు వదులైపోయి నీళ్లు ఊరికే మరుగుతుంటే, ఇంకో బండి మూత తెచ్చి బిగించాను. దాని స్ప్రింగు గట్టిది, లోపల ఆవిరిని బిగబట్టి ఉంచుతుంది. ఆ మాట బావకు చెప్పడం మరిచాను. ఆయన ఎప్పటిలాగే వేడి మీద మూత తిప్పాడు. మొహం, గొంతు, ఛాతీ ఉడికిపోయాయి. ఆస్పత్రిలో రాత్రంతా నీళ్లు అడుగుతూనే ఉన్నాడు. ఇవ్వొద్దని నర్సు చెప్పింది. నేనే గ్లాసు తీసి కిటికీలో పెట్టాను. తెల్లారకముందే పోయాడు.

తర్వాత సరైన మూతే వేశాను. అయినా రోజూ బకెట్ నీళ్లు మాయమవుతున్నాయి. ఈసారి కూడా నేను పొరపడితే ఉడికేది నా తమ్ముడే.

పొద్దున ఇంజన్ నడిపి చూశాను. నీళ్లలో బుడగలు రాలేదు. ఆయిల్ పుల్ల తీస్తే నూనె నల్లగానే ఉంది, నీళ్లు కలిస్తే పాలలా తెల్లబడేది. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూతికి చేతిపంపు బిగించి గాలి కొట్టాను. గేజీ ముల్లు ఏడు పౌన్ల దగ్గర నిలిచింది. గొట్టాలన్నీ తడిమాను. ఎక్కడా తడి లేదు.

ముల్లు ఆరుకు పడింది. ఆగింది. ఐదుకు పడింది. మళ్లీ ఆగింది...

లీకైతే ముల్లు మెల్లగా జారుతుంది. ఇలా ఆగి ఆగి దిగదు. రేడియేటర్‌కు చెవి ఆనించాను. గుటక్... గుటక్... ఆ తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు.

"ఏం చప్పుడన్నా అది?" రాములు గుసగుసగా అడిగాడు.

"గాలిరా," అన్నాను. అబద్ధమని నాకు తెలుసు.

వాడు ముల్లు వైపే చూస్తూ అన్నాడు: "ఇయ్యాల గూడ అక్క పొద్దుగాల్నే ఏడ్సిందన్నా. చెంబుల నీళ్లు తగ్గుతలేవంట."

మా ఇళ్లలో మనిషి పోతే పది రోజులు దీపం పక్కన చెంబుతో నీళ్లు పెడతారు. రాత్రి వచ్చి తాగిపోతాడని నమ్మకం. పొద్దున్నే ఎంత తగ్గిందో చూసుకుంటారు. తొమ్మిది రోజులైనా బావ ఒక్క గుక్క ముట్టలేదు.

పంపు విప్పి పడేశాను. "తాగు బావా, నీకు దండం పెడ్త," అంటూ డబ్బాతో నీళ్లు ఒంపాను. ఒకటి... మూడు... ఏడు డబ్బాలు. నిండదే! రాములు విసిగిపోయి, నన్ను పక్కకు జరిపి, వంగి లోపలికి చూశాడు.

చల్లటి ఇంజన్ లోంచి వేడి ఆవిరి ఒక్కసారి వాడి మొహానికి కొట్టింది. వాడు దగ్గాడు. "ఏం గాలేదన్నా," అన్నాడు.

మరుక్షణం నీళ్లు అంచుదాకా నిండి ఉన్నాయి. మళ్లీ పంపు కొట్టాను. గంటసేపు ముల్లు ఏడు మీంచి కదల్లేదు. బండి బాగైందని సూపర్‌వైజర్‌కు చెప్పి వచ్చాను. ఎంత సంతోషపడ్డానో, వెధవను.

రాత్రి ఎనిమిదికి, కామాఠీపురలో మా ఒంటిగది ఖోలీలో, రాములు పదకొండో చెంబు తాగుతున్నాడు. చెమట లేదు. ఒక్కసారి కూడా బయటికి లేవలేదు. ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయో తెలియదు. పెదాలు మాత్రం పగిలి నెత్తురు కారుతున్నాయి. పక్క గల్లీ డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన నాడి చూసి కంగారుపడ్డాడు.

"ఇక చుక్క నీళ్లు ఇవ్వకండి. ప్రాణం పోతుంది. పెద్దాస్పత్రికి తీసుకుపోండి," అని హడావిడిగా వెళ్లిపోయాడు.

టాక్సీ కోసం మనిషిని పంపాను. రాములు చేతిలోని చెంబు లాక్కోబోయాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను అన్నా అని తప్ప పిలవని వాడు.

"ఈసారన్న వద్దనకు... బామ్మర్దీ."

వాడి వేళ్లు పడ్డచోట నా చర్మం బొబ్బలెక్కుతోంది.